పాము తలకు బహుమానము: లాభమా, నష్టమా?

శంషాబాదు విమానాశ్రయము నుండి 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన విమానముల రాకపోకలు మొదలైనవి. దానికై సేకరించిన సుమారు 5,500 ఎకరముల నేల ఒకనాడు చెలకలు, బీళ్లు, గుండ్లు, చిన్న చిన్న కుంటలుగా నుండెడిది. ఆ వెనుక ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. గోదాములు, ఇండ్ల వెంచర్లు, తోట బంగళాలు లేచినవి. పాల్మాకుల, ముచ్చింతల్, పెద్దషాపూర్, నర్కూడ మొదలగు గ్రామముల చుట్టును పుట్టలు చదునైనవి, గుండ్లు పగిలినవి. వాని నాశ్రయించి బ్రతుకు పాములు ఎక్కడికో యొక చోటికి పోవలెను గదా! ఇటుకల కుప్పలోనికో, గడ్డివాములోనికో, కోళ్లగూటిలోనికో అవి చేరుచుండును.

వానకాలములో ఊరిలో ఎవరినైన పాము కరచినచో గ్రామసభలో ఈ మాట తప్పక వచ్చును. "పామును చంపి తెచ్చినవానికి పంచాయతీ నిధి నుండి ఇంత యని ఇచ్చినచో ఈ పీడ వదలదా?" అని యెవరో యొకరు అడుగుదురు. అట్లు అడిగినవారిని తప్పుపట్టరాదు. 2000 నుండి 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షలమంది పాముకాటుచే మరణించిరని 2020లో ప్రచురింపబడిన పరిశోధన తెలుపుచున్నది. అనగా ఏడాదికి సగటున 58,000 మంది. వీరిలో అధికులు పల్లెవాసులు. మరణములలో సగము జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే సంభవించుచున్నవి. ఎక్కువ మరణములు గల రాష్ట్రములలో తెలంగాణము, ఆంధ్రప్రదేశము ఉన్నవి. కనుక భయము నిరాధారమైనది కాదు. అయితే తలకింత యని వెల కట్టుట ఆ భయమునకు మందు అగునా యన్నది వేరు ప్రశ్న.

"అమెరికాలో ప్రభుత్వమే పాములు పట్టినవారికి పైకమిచ్చుచున్నది" అని చదువుకొన్న యువకులు చెప్పుదురు. అది నిజమే. అయితే అక్కడ ఏ పాముకు, ఏ కారణమున, ఏ విధముగా ఇచ్చుచున్నారో తెలిసికొన్న తరువాతనే మనము ఒక నిర్ణయమునకు రావలెను.

ఫ్లోరిడా చిత్తడినేలలలో కొండచిలువలు

అమెరికా దక్షిణపు కొసనున్న ఫ్లోరిడా రాష్ట్రములో ఎవర్‌గ్లేడ్స్ అను గొప్ప చిత్తడి అడవి కలదు. అక్కడ నేడు బర్మా కొండచిలువలు పెరిగి యున్నవి. అవి ఆ దేశపు పాములు కావు. ఇండ్లలో ముద్దుకు పెంచుకొనుటకై ఆసియా నుండి తెప్పించినవి. 1996 నుండి 2006 వరకు సుమారు 99,000 బర్మా కొండచిలువలు అమెరికాకు దిగుమతి అయినవి. పిల్లగా నున్నపుడు చేతిలో ఇమిడిన పాము పది పన్నెండు అడుగులైన పిమ్మట పెంచువారికి బరువై, రాత్రివేళ అడవిలో వదలబడినది. 1992లో వచ్చిన తుఫాను ఒక పెంపకశాలను కూల్చినపుడు కొన్ని తప్పించుకొన్నవనియు చెప్పుదురు. 2000వ సంవత్సరము నాటికి అవి అక్కడ పిల్లలు పెట్టి స్థిరపడినవని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి.

దాని ఫలితము 2012లో వెలువడిన పరిశోధనలో కానవచ్చినది. ఆ అడవి రోడ్ల వెంట రాత్రులు కనిపించు రకూన్లు అను చిన్న జంతువులు నూటికి తొంబదితొమ్మిది వంతులు తగ్గినవి. సంచిలో పిల్లలను మోయు ఒపోసమ్ములును దాదాపు అంతే. అడవిపిల్లులు నూటికి ఎనుబదియేడు వంతులు తగ్గినవి. ఆ జంతువులకు ఇట్టి శత్రువు ఎన్నడును ఎదురు కాలేదు. దాని నుండి తప్పించుకొను తెలివి వాని తరములలో పుట్టలేదు. 2012లోనే అమెరికా ప్రభుత్వము ఈ పాముల దిగుమతిని నిషేధించినది. అప్పటికి ఆలస్యమైనది.

2013లో ఆ రాష్ట్రము వేటపోటీ పెట్టినది. సుమారు 1,600 మంది పేర్లు నమోదు చేసికొనిరి. నెలదినముల వేటలో పట్టినవి 68 పాములు మాత్రమే. చిత్తడినేలలో కొండచిలువ పడియున్నచో నిపుణుడైనను ప్రక్కనుండి నడచిపోవును. నూరు పాములలో ఒకటి కనబడుటయు అరుదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఇట్టి పోటీలు అక్కడ నేటికిని జరుగుచున్నవి. 2025 నాటి పోటీలో 294 పాములు పట్టుబడినవి. అది అప్పటికి అన్నిటికంటె పెద్ద లెక్క.

2017 మార్చిలో మరియొక పద్ధతి మొదలైనది. దీనిని మన సభ్యులు జాగ్రత్తగా గమనింపవలెను. వేయిమందికి పైగా దరఖాస్తు పెట్టగా ఇరువదియైదుగురిని మాత్రమే ఎన్నుకొని కూలికి పెట్టిరి. గంటకు 8 డాలర్ల 10 సెంట్లు కూలి. పట్టిన పాము నాలుగడుగుల వరకు ఉన్నచో 50 డాలర్లు, ఆపైన ప్రతి అడుగునకు 25 డాలర్లు. గ్రుడ్లున్న గూడు చూపినచో 200 డాలర్లు. ఈ ఏర్పాటులో ఒక ఉపాయము దాగియున్నది. వెతుకుటకే కూలి గిట్టుచున్నది గనుక పాము దొరకని రాత్రియు వేటగాడు నష్టపడడు. పెద్దపాముకు ఎక్కువ పైకము వచ్చుచున్నది గనుక గ్రుడ్లు పెట్టు ఆడుపాములపైననే దృష్టి నిలుచును. ఎవరు ఎక్కడ ఎన్ని పట్టిరో లెక్క యుండును. తరువాతి కాలములో కూలి రేట్లు పెంచబడినవి.

అయినను అక్కడ వాదము ఆగలేదు. ఒక ఆడుపాము ఒక్కమారు యాబదికి పైగా గ్రుడ్లు పెట్టును గనుక తీసివేసిన ప్రతి పామును లాభమేయని ఒక పక్షమువారు అందురు. వేటగాండ్రు కాలువగట్లపైనను, రోడ్డు వెంటను మాత్రమే తిరుగుదురు, లోపలి అడవి తాకబడకుండ మిగిలిపోవును, కావున పాముల మొత్తము సంఖ్య తగ్గినదనుటకు ఆధారము లేదని రెండవ పక్షమువారు అందురు. రెండు మాటలలోను నిజమున్నది. ఈ మధ్య కొందరు శాస్త్రజ్ఞులు వేరొక మార్గము త్రొక్కిరి. మగపాములకు చిన్న రేడియో యంత్రమును అమర్చి వదలుదురు. జతకూడు కాలములో అవియే పోయి ఆడుపాముల జాడ చూపును. ఆ విధముగా దొరికిన ఒక ఆడుపాము 98 కిలోల బరువు తూగినది. దాని కడుపులో 122 గ్రుడ్లు రూపు కట్టుచుండెను.

మన దేశపు వేటగాండ్రు

ఈ కథలో మనకు దగ్గరివారును కలరు. 2017 జనవరిలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు తమిళనాడు నుండి వడివేల్ గోపాల్, మాసి సడయన్ అను ఇద్దరు ఇరుల జాతి పాములవారిని పిలిపించిరి. వారు దిగిన రెండు వారముల లోపుననే 13 కొండచిలువలను పట్టిరి. అందొకటి పదునారడుగుల ఆడుపాము. అమెరికా వేటగాండ్రు బండిలో రోడ్డు వెంట పోవుచు చూచెడివారు. వీరు పొదలలోనికి దిగి, నేలపై పాము పాకిన జాడను, విడిచిన కుబుసమును, ఎండ కాచుకొను చోటును చదువుకొనుచు నెమ్మదిగా నడచిరి. 2023లో భారత ప్రభుత్వము ఈ ఇద్దరికి పద్మశ్రీ నిచ్చి గౌరవించినది.

ఇరులలు ఒకప్పుడు తోళ్ల వర్తకులకై పాములను చంపి బ్రతికెడివారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత ఆ జీవనము పోయినది. 1978లో మద్రాసు సమీపమున వారి సహకార సంఘమొకటి ఏర్పడినది. సభ్యులు ప్రభుత్వపు అనుమతితో, నిర్ణయించిన సంఖ్యలో నాగుపామును, కట్లపామును, రక్తపింజరను, చిన్న పింజరను పట్టి తెత్తురు. విషము తీసి, మరల అడవిలో వదలుదురు. ఆ విషముతోనే పాముకాటు మందు తయారగును. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో దొరకు సూదిమందు వెనుక వారి చేతిపని యున్నది. పామునకు పైకమిచ్చుటయే నేరము కాదు, ప్రాణముతో తెచ్చిన పామునకు, లెక్కప్రకారము, చట్టము లోబడి ఇచ్చుట యొక పద్ధతి యని దీనివలన తెలియుచున్నది.

తలకింత యన్న పద్ధతి ఎట్లు నడచినది?

తలకింత యను బహుమానము మన దేశమునకు క్రొత్త గాదు. ఆంగ్లేయుల కాలములో పలు జిల్లాలలో పాములను చంపినవారికి అణాల లెక్కన ఇచ్చిరి. 1880 ప్రాంతమున దేశమంతట ఏటేట రెండు లక్షలకు పైగా పాములు చంపబడినట్లు ప్రభుత్వపు లెక్కలు చూపినవి. అయినను పాముకాటు మరణములు ఏటికి పందొమ్మిది ఇరువది వేల దగ్గరనే నిలిచినవి.

కొంకణ తీరములోని రత్నగిరి జిల్లాలో జరిగినది వినదగినది. అక్కడ చిన్న పింజరల బెడద మెండు. 1862 డిసెంబరులో బహుమానము పెంచగా ఎనిమిది తొమ్మిది దినములలో లక్షకు మించిన పాములను ప్రజలు కచ్చేరీకి తెచ్చిరి. ఇన్ని చంపినపుడు ఆ పాము అక్కడ మాసిపోవలెను. కాని నూటయరువది సంవత్సరములు గడచినను రత్నగిరిలో చిన్న పింజర విస్తారముగ నున్నది. తగిన నేల, తగిన తిండి ఉన్నంతకాలము మిగిలినవి మరల పెరుగును.

ఢిల్లీలో నాగుపాముల కొరకు బహుమానమీయగా ప్రజలు ఇండ్లలోనే పాములను పెంచి తెచ్చిరను కథ యొకటి ఆర్థికశాస్త్ర గ్రంథములలో తిరుగుచున్నది. దానికి గట్టి ఆధారము దొరకలేదు. ఆధారమున్న కథ వియత్నాములోని హనోయి పట్టణమునది. 1902లో ప్లేగు భయముచే ఫ్రెంచి ప్రభుత్వము ఎలుక తోకకు ఒక సెంటు చొప్పున ఇచ్చినది. ఒక్కొక్క దినము ఇరువది వేలకు పైగా తోకలు వచ్చినవి. కొన్నాళ్లకు వీధులలో తోక లేని ఎలుకలు తిరుగుట కనబడినది. తోక కోసి, పిల్లలు పెట్టుటకై ఎలుకను విడిచిరి. ఊరి వెలుపల ఎలుకలను పెంచుచున్న చోట్లును బయటపడినవి. బహుమానము రద్దయినది.

మనిషికి బదులు జంతువును వేటకు పెట్టినవారును కలరు. జపానులోని అమామి దీవిలో 'హబూ' యను విషసర్పమును అణచుటకై 1979లో ముంగిసలను వదలిరి. మన గంగాతీరము నుండి 1910లో ఒకినావాకు కొనిపోయిన ముంగిసల సంతతియే అవి. హబూ రాత్రి తిరుగును, ముంగిస పగలు తిరుగును. రెండును కలిసికొన్నదే అరుదు. ముంగిసలు ఆ దీవిలోను, దాని పొరుగు దీవిలోను తప్ప మరెక్కడను లేని కుందేళ్లను తినసాగినవి. ఆ ముంగిసలను తుడిచివేయుటకు దశాబ్దములు పట్టినది. 2024 సెప్టెంబరులో గాని అవి పూర్తిగా పోయినవని ప్రకటింపలేకపోయిరి.

మన ఊరి పాము ఏది?

ఫ్లోరిడా కొండచిలువకు, మన చెలకలోని జెర్రిపోతుకు పోలిక లేదు. జెర్రిపోతు ఈ నేల పుట్టినది. ఎలుకలను తినును. దానిని చంపినచో కల్లములోని వడ్లకు కావలివాడు పోయినట్లే. నాగుపాము, రక్తపింజర సైతము ఎలుకలకై మన ఇండ్ల దాపునకు వచ్చును గాని మన కొరకు కాదు. కావున అమెరికా ఉదాహరణమును చూపి మన పాములకు వెల కట్టుట తర్కమునకు నిలువదు.

చట్టమునకు అసలే నిలువదు. 2022 సవరణ తరువాత నాగుపాము, రక్తపింజర, కొండచిలువ మొదటి షెడ్యూలులో నున్నవి. వీనిని వేటాడినవారికి మూడు నుండి ఏడు సంవత్సరముల కారాగారము, జరిమానా విధింపవచ్చును. ప్రాణాపాయములో ఆత్మరక్షణకై చంపుట వేరు. చంపి తెమ్మని పైకము ప్రకటించుట నేరమునకు ప్రేరేపించుట యగును. అట్టి తీర్మానముపై సంతకము పెట్టిన సర్పంచి, సభ్యులు చిక్కులలో పడుదురు. రెండుతలల పామునకు లక్షల వెల పలుకునని నమ్మించు ముఠాలను మన పోలీసులు పలుమారులు పట్టుకొనిరి. పాముకు వెల పుట్టినచోట మోసము వెంటనే పుట్టునని ఇది చూపుచున్నది.

విమానాశ్రయము వైపు చూడవలసిన చూపు

పరదేశపు పాము మన వైపు రాదని మాత్రము అనుకొనరాదు. శంషాబాదు గ్రామములకు ఇది ప్రత్యేకముగా వర్తించును. 2023 సెప్టెంబరులో బెంగుళూరు విమానాశ్రయములో బ్యాంకాకు నుండి వచ్చిన సామానులో 55 ఆఫ్రికా కొండచిలువలు, 17 రాచనాగులు దొరికినవి. 2024 ఏప్రిలులో అక్కడనే 10 పసుపు అనకొండలు దొరికినవి. 2025 జూన్ మొదట ముంబయిలో ఒక ప్రయాణికుని పెట్టెలో 47 విషసర్పములు బయటపడినవి. శంషాబాదులోను విదేశీ ప్రాణులు పట్టుబడినవి. పట్టుబడినవి లెక్కకు వచ్చును. పట్టుబడనివి ఏ ఇంటికి, ఏ తోట బంగళాకు చేరునో ఎవరెరుగుదురు?

ఫ్లోరిడాలో జరిగినదే ఇక్కడ జరుగవచ్చును. పాము పెరిగిన పిదప పెంచినవాడు చీకటిలో కారాపి కుంటగట్టున వదలును. అది విషసర్పమైనచో మరియొక అపాయమున్నది. మన దవాఖానాలలోని సూదిమందు నాలుగు దేశీయ సర్పముల విషమునకు తయారైనది. ఇండోనేషియా పింజర కరచినచో దానిపై ఆ మందు పనిచేయునను భరోసా లేదు.

పాము పెట్టెలోనే రావలెనని లేదు. మధ్యధరా సముద్రములోని ఇబీజా దీవిలో పూర్వము పాములే లేవు. పెద్ద బంగళాల ముంగిట నాటుటకై స్పెయిను నుండి తెచ్చిన ముసలి ఆలివు చెట్ల తొర్రలలో దాగి, 2003 ప్రాంతమున అవి దిగినవి. నేడు అక్కడి బల్లులను తుడిచిపెట్టుచున్నవి. మన వైపు తోటలకును దూరదేశముల నుండి పెరిగిన చెట్లు లారీలలో వచ్చుచున్నవి. ఎదురుదారిలో మన దేశపు గుడ్డిపాము, వానపామువలె కనబడు ఆ అమాయకప్రాణి, పూలకుండీల మట్టితో ప్రపంచమంతయు తిరిగినది. మగది లేకయే పిల్లలు పెట్టగలదు గనుక ఒక్కటి చేరినను చాలును.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత సైనిక సామగ్రితో గువాం దీవికి చేరిన చెట్టుపాము, అక్కడి అడవిలోని 12 జాతుల దేశీయ పక్షులలో పదింటిని మాయము చేసినది. ఆ దీవి నుండి బయలుదేరు సరకును నేటికిని కుక్కలు వాసన చూచి గాని విడువవు. చచ్చిన చిట్టెలుకలలో మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ మాత్ర దూర్చి, హెలికాప్టర్ల నుండి అడవిపై జారవిడిచిరి. ఆ మాత్ర పాముకు ప్రాణాంతకము. లోనికి వచ్చిన పామును వెళ్లగొట్టుటకు పడు పాటు ఇంత! రాకముందు తలుపు మూయుట ఎంత చవుకయో ఆ దీవివారిని అడుగవలెను.

ఈ తలుపు మూయుటకు కావలసిన చట్టము మనకున్నది. 2022 సవరణ వలన ఇట్టి చొరబాటు జాతుల దిగుమతిని, పెంపకమును నిషేధించు అధికారము కేంద్రమునకు వచ్చినది. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలోని విదేశీ ప్రాణులను పెంచువారు వానిని నమోదు చేయించుకొనవలెనని 2024 ఫిబ్రవరిలో నియమములు వెలువడినవి. నేరము పట్టుబడుటకు తోడ్పడినవారికి జరిమానా నుండి కొంత భాగము బహుమానముగా ఇప్పించుటకు ఈ చట్టమే వీలు కల్పించినది. బహుమానమీయవలెనని యుత్సాహపడు సభ్యులు ఈ అంశమును గ్రామసభలో చదివి వినిపింపవచ్చును. నా అభిప్రాయములో, పాము తలకు ఇచ్చు నూరు రూపాయల కంటె దాని జాడ చెప్పిన మాటకు ఇచ్చు నూరు రూపాయలు విలువైనవి.

మన పాముల విషయములో పంచాయతీ నిధి వెచ్చింపవలసినది చెత్తపై. కోళ్లవ్యర్థములు, హోటళ్ల ఎంగిలి పడవేసిన చోట ఎలుకలు చేరును, ఎలుకల వెంట పాములు వచ్చును. విమానాశ్రయము చుట్టును పది కిలోమీటర్ల లోపున చెత్త పోయుటను, బహిరంగముగా పశువులను కోయుటను విమాన నియమములు నిషేధించినవి. గ్రద్దలు విమానములకు తగులునను భయముచే వచ్చిన నియమమది. అమలు జరిపినచో ఎలుకల బెడదయు తగ్గును. వీధిదీపములు వెలుగుట, బడి ప్రహరీ వద్ద పొదలు కొట్టించుట, వానకాలములో ఆరోగ్య కేంద్రమున సూదిమందు ఉన్నదో లేదో ముందే విచారించుట, రాత్రివేళ దవాఖానాకు బండి ఏర్పాటు, ఇవి పాత మాటలే. కరచిన చోట కోయక, కట్టు బిగింపక, మంత్రగానికై ఎదురుచూడక బయలుదేరవలెనని పదేపదే చెప్పవలెను.

ఇంటిలో పాము కనబడినచో అటవీశాఖవారికిగాని, హైదరాబాదులోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి శిక్షణ పొందిన సంస్థలకుగాని తెలుపవలెను. ఎన్నడును చూడని రంగుపాము కనబడినచో దూరము నుండి ఫోటో తీసి, చంపక, పట్టక, అటవీశాఖకు పంపవలెను. అది దొరికిన చోటు, తేదీ, ప్రొద్దు, దాపున క్రొత్తగా దిగిన చెట్లుగాని, సరకుగాని, పెంపకపు ఇల్లుగాని ఉన్నచో ఆ వివరము పంచాయతీ కార్యదర్శి ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను. ఒక నకలు మండలము నందలి అటవీ అధికారికి ఇచ్చి, చేరినట్లు సంతకము పొందవలెను.